మంట లేని ఇల్లు

"నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా మేడమ్! ఈ ఇంట్లో నిప్పన్నదే లేదు. గ్యాసు పొయ్యి లేదు, బాయిలర్ లేదు, పాత చిమ్నీని అడ్డంగా మూసేశారు. వంట దగ్గర్నించి వేణ్నీళ్ల దాకా అన్నీ కరెంటే. మరి ఆ అమ్మాయి రక్తంలోకి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడ్నించి వచ్చినట్టు? బయట్నించే రావాలి. ఇంకో దారి లేదు."

ఇంత చెప్పి రాజ్‌కిరణ్ కోటు గుండీ పెట్టుకున్నాడు. విజయవాడ మనిషి. ఈ చలిదేశం వచ్చి శాండీఫోర్డ్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దర్యాప్తులు చేస్తుంటాడు. ఏ కేసులోనైనా రెండో రోజుకల్లా దోషి పేరు చెప్పేస్తాడని ప్రతీతి. అది తప్పు పేరైనా సరే, రెండో రోజుకే చెప్తాడు.

ప్రిస్కిల్లా పడకగది గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంది. గురువారం, ఉదయం తొమ్మిదీ యాభై. రేపు మధ్యాహ్నం పన్నెండుకి ఇతగాడి రిపోర్టు పైకి పోతుంది. పోయిందంటే వెంకట రమణ పని సరి.

వెంకట రమణ అంటే ఈ వీధిలో ఇళ్లన్నిటికీ గాలి యంత్రాలు బిగించిన ఇంజినీరు. ఊరు ఊరంతా కర్బనం లెక్కలో సున్నాకి చేరాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, బ్లాంచర్డ్స్‌టౌన్ శివార్లలోని ఈ డ్రమ్‌కీల్ క్లోజ్‌లో మొదలుపెట్టారు. నలభై రెండు ఇళ్లలో నలభై ఒక్కటి ఒప్పుకున్నాయి. గోడలకి మందంగా పొరలు వేశారు, కిటికీలకి మూడేసి అద్దాలు పెట్టారు, గ్యాసు బాయిలర్లు పీకేసి, కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంపులు పెట్టారు. చీమ దూరే సందు లేకుండా బిగించిన ఇంట్లో మనిషికి ఊపిరాడాలి కనక పైకప్పులో కన్నాలు చేసి, ఒక ఫ్యాను రాత్రింబవళ్లు తాజా గాలి పంపేలా ఏర్పాటు చేశారు. ఈ వీధి లెక్క కుదిరితే వెనకాల ఇంకో నాలుగు వేల ఇళ్లు వరసలో ఉన్నాయి. ఫ్యాన్లన్నీ భేషుగ్గా ఉన్నాయని సంతకం పెట్టింది వెంకట రమణే.

సోమవారం ఈ పద్నాలుగో నంబరు ఇంట్లో, ఈ గదిలోనే, ఫెబి అనే బాలింత స్పృహ లేకుండా దొరికింది. పురుడు పోసుకుని ఇరవై ఆరు రోజులు. రక్తంలో విషవాయువు ఇరవై ఏడు శాతం. పసిపాప ఆ సమయానికి కింద అమ్మమ్మ ఒళ్లో ఉంది కాబట్టి బతికిపోయింది. ఫెబి నిన్న సాయంత్రం కళ్లు తెరిచింది గానీ, నీ పాప పేరేంటమ్మా అని డాక్టరు అడిగితే గుర్తుకు తెచ్చుకోలేక ఏడ్చిందట. మంగళవారం వెంకట రమణని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు, ఈ ఇళ్ల గడప తొక్కొద్దన్నారు. తప్పు అతనిదే అని తేలితే ఉద్యోగం పోవడం అటుంచి, కేసు, జైలు, ఆ పైన పెళ్లాంతో సహా దేశం వదిలి పోవాలి. "అక్కా, నా ఫ్యాను మనిషిని జంపదు" అని ప్రిస్కిల్లా ఆఫీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట నమ్మి ఆమె కేసు తీసుకుంది.

"బయట్నించి అంటే ఎక్కడ్నించండీ?" అంది ప్రిస్కిల్లా.

"పక్కింటి గోడ. పదిహేనో నంబరు ఒక్కటే స్కీములో చేరలేదు. ఆవిడ బాయిలర్ పొగగొట్టానికీ మీ క్లయింటు బిగించిన, బయటి గాలి లాగే కన్నానికీ ఎంత దూరమో తెలుసా? మీటరూ నలభై. ఆ పొగ మొత్తం ఇటు లాక్కుంది. నిన్నే వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను, జనం భయపడకుండా."

"అప్పుడే?"

"నిజం చెప్పడానికి ముహూర్తం దేనికండీ?"

"మిసెస్ డంఫీ బాయిలర్ పొద్దున ఆరు నించి ఎనిమిది దాకా తిరుగుతుంది, మళ్లీ సాయంత్రం ఐదుకి. టైమర్ ఫోటో తీసుకున్నాను. సోమవారం తొమ్మిదీ నలభైకి ఆవిడ తాళం వేసుకుని పది గంటల మాస్‌కి వెళ్లింది. తర్వాత చర్చి హాల్లో కాఫీ. తిరిగొచ్చేసరికి పన్నెండుంబావు, అప్పటికి అంబులెన్సు ఈ గుమ్మంలో ఉంది. ఫెబి తలంటుకుంది పదిన్నరకి, పడుకుంది పదకొండింటికి. తాళం వేసిన ఇంట్లో బాయిలర్ ఎవరు తిప్పారు రాజ్‌కిరణ్ గారూ?"

రాజ్‌కిరణ్ మొహం ఒక్క క్షణం మాడింది. వెంటనే సర్దుకున్నాడు. "ఎనభై ఏళ్ల ముసలావిడ మాట..."

"ముసలావిడ మాటే. నేను లోపలికెళ్లి, ఆవిడిచ్చిన టీ తాగి అడిగాను. మీరు గోడ అవతల నిలబడి టేపు పట్టుకున్నారు."

"చూడండి మేడమ్. మీకు మనిషి మీద జాలి. నాకు కాగితం మీద సంతకం ఉంది. ఎవరు గెలుస్తారో రేపు చూద్దాం." మెట్లు దిగుతూ, "నర్సులు బీపీ చూడాలి గానీ..." అని సగం మాట గాల్లో వదిలేసి పోయాడు.

డ్రోహెడా ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లు వార్డు నర్సుగా చేసిన మనిషి ప్రిస్కిల్లా. నడుం పట్టేసి ఉద్యోగం మానేశాక డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకుంది. జబ్బుకీ నేరానికీ పెద్ద తేడా లేదనీ, రెండింటికీ టైములు రాసుకుంటే సగం పని అయిపోతుందనీ ఆమె సిద్ధాంతం. ఇలాంటి ఎత్తిపొడుపులు ఆమె చాలా విన్నది. తలుపు దగ్గరగా వేసి, నడుం మీద చెయ్యేసుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

ఇప్పటిదాకా ఈ గదిలోకి వచ్చినవాళ్లంతా పైకే చూశారు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, పైకప్పు కన్నం చూశారు, రాజ్‌కిరణ్ గోడలు చూశాడు. మంచం కిందికి వంగినవాడు ఒక్కడూ లేడు. ఫోను వెలుగులో చూస్తే, చెక్క నేల మీద పళ్లెమంత మేర గుండ్రంగా గోధుమరంగు మరక. వేలితో రాస్తే పోలేదు. కాలిన మరక. మంచం కోడు పక్కన బూడిద రవ్వ ఒకటి. మంచం పక్కనున్న బల్ల మీద చిన్న దూది ఉండలు రెండు, చెవుల్లో పెట్టుకునేవి. కుర్చీ ఎక్కి కన్నం అంచు చూస్తే, నీలం రంగు దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

ఇరవై రెండేళ్ల కిందట చీరాలలో, ప్రిస్కిల్లా సొంత పురిట్లో, వాళ్లమ్మ మంచం కింద ఏం పెట్టిందో గుర్తొచ్చింది. అక్కడ పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడేది. ఆమె కుర్చీ దిగి కిందికి వెళ్లింది.

వంటింట్లో ఫెబి తల్లి సరోజమ్మ పాపని ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. అల్లుడు గిడియన్ ఆసుపత్రిలో భార్య దగ్గరున్నాడు. సరోజమ్మకి అరవై దాటాయి. కూతురి కానుపుకని మూణ్ణెల్ల వీసా మీద వచ్చింది.

"వందనాలమ్మా."

"వందనాలు తల్లీ. ఆ కోటాయన పోయాడా?"

"బయట ఉన్నాడు. మీది తెనాలి వైపా అమ్మా?"

"కొల్లిపర."

"మాది చీరాల." ప్రిస్కిల్లా కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. "ఫెబికి నీళ్లు ఎవరు పోస్తున్నారు?"

"నేనే. ఇంకెవరున్నారిక్కడ పొయ్యడానికి?"

"తలంటు పోశాక?"

"పోశాక ఏముంది, తుడిచి పడుకోబెడతా."

"కుంపటి ఏం చేశారమ్మా?"

జోకొడుతున్న చెయ్యి ఆగిపోయింది. పాప ఒకసారి మూలిగింది. సరోజమ్మ తల వంచుకుని పాప చొక్కా అంచు సవరించింది, మళ్లీ సవరించింది.

"కుంపటేంటి? నాకేం తెలీదు."

"నేను గార్డుల మనిషిని కాను. చీరాల మనిషిని. మంచం కింద మచ్చ చూశాను. మా అమ్మా పెట్టింది నాకు."

అంతే, ఆ ముసలి ప్రాణం కట్ట తెగినట్టు బయటపడింది. "ఈ ఇంట్లో వేడుందా చెప్పమ్మా! ఆ రేడియేటర్ ముట్టుకుని చూడు, జ్వరం దిగిన ఒళ్లులా గోరువెచ్చగా ఉంటది. అల్లుణ్ణడిగితే, ఇది ఇంతే అత్తయ్యా, రోజంతా సన్నగా కాస్తది, ఇల్లు మెల్లగా వేడెక్కుద్ది అంటాడు. గోడ మీద ఇరవై అని అంకె చూపిస్తాడు. అంకెను కప్పుకుంటామా? పచ్చి బాలింత! పైనించి ఆ కన్నంలోంచి సర్రున గాలి. బాలింతకి చలిగాలి తగిలితే సన్ని కొడుతుందా లేదా? అందుకని షాపింగ్ సెంటర్లో బొగ్గుల సంచి తెప్పించా. మాంసం కాల్చుకోవడానికని అల్లుడితో అబద్ధం చెప్పా. కేకులు చేసుకునే ఇనప గిన్నెలో, పెరట్లో నిప్పులు చేసి, కాస్త సాంబ్రాణి వేసి, ఓ గంట మంచం కింద పెట్టేదాన్ని."

"మరి గార్డులు అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను? నా బిడ్డని నేనే చంపబోయానని చెప్పనా? అంబులెన్సు వచ్చేలోపల గిన్నె తీసుకెళ్లి చెత్త డబ్బాలో పారేశాను. మూడు రోజుల్నించి అన్నం దిగట్లేదు తల్లీ. నా కూతురికి తన పిల్ల పేరు గుర్తు రావట్లేదంట. నేనే కదా చేసింది!"

ప్రిస్కిల్లా ఆమె చెయ్యి పట్టుకుంది. మనసులో ఒక పక్క హమ్మయ్య అనుకుంది, వెంకట రమణ బయటపడ్డాడు. ఇంకో పక్క, ఈ ముసలమ్మని రాజ్‌కిరణ్ ముందు నిలబెట్టాలా అని బాధపడింది. ఈ ఇల్లు ఇలా మార్చినవాళ్లు నలభై ఆరు పేజీల పుస్తకం ఇచ్చారు, ఇంగ్లీషులో. అందులో బొమ్మలున్నాయి, బాణం గుర్తులున్నాయి. పగలంతా ఈ ఇంట్లో ఉండే మనిషికి, అమ్మా, ఈ కన్నం ఎందుకుందంటే ఇదీ సంగతి అని చెప్పినవాడు లేడు. కాల్చే వస్తువే లేని ఇల్లు కదా అని విషవాయువు కనిపెట్టే అలారం కూడా పెట్టలేదు. ఊరంతా మారాలని పైనున్నవాళ్లు లెక్కలు వేసుకుంటే సరిపోతుందా, ఇంట్లో ఉన్న అమ్మమ్మకి ఎవరు చెప్తారు?

కానీ నర్సు బుర్ర ఊరుకోదు కదా, టైములు అడగమంది.

"ఎన్ని రోజుల్నించి పెడుతున్నారు కుంపటి?"

"సోమవారానికి పదో రోజు."

"తొమ్మిది రోజులు ఏమీ కాలేదా? కాస్త తలనొప్పి, కళ్లు తిరగడం?"

"ఏమీ లేదమ్మా. పిల్ల హాయిగా నిద్రపోయేది."

"ఆ కన్నానికి గుడ్డ కుక్కారు కదా, నీలం చీర ముక్క."

"కుక్కాను. కానీ కుంపటి పెట్టే ముందు తీసేసేదాన్ని. పొగ పోవాలిగా! నేను చదువుకోలేదు గానీ అంత తెలివితక్కువదాన్ని కాదు తల్లీ. కుంపటి తీశాక మళ్లీ కుక్కేదాన్ని, సాయంత్రం అల్లుడొచ్చేలోపల లాగేసేదాన్ని."

"సోమవారం తియ్యడం మర్చిపోయారా?"

"సోమవారం అసలు కుక్కనే లేదు. అవసరం రాలేదు."

"ఎందుకని?"

సరోజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తొమ్మిదింటి ప్రార్థన అయ్యాక, గుడ్డ పట్టుకుని కుర్చీ ఎక్కాను. చెయ్యి పెట్టి చూస్తే గాలి లేదమ్మా. పొద్దున ఎనిమిదింటికి ఉంది, తొమ్మిదిన్నరకి లేదు. ప్రభువు నా మొర విన్నాడనుకున్నాను. అక్కడే కుర్చీ మీద నిలబడి స్తోత్రం చెప్పుకున్నాను. ఇవాళ చలిగాలి లేదు, నా బిడ్డ వెచ్చగా పడుకుంటుందని ఇంకో నాలుగు బొగ్గులు ఎక్కువ వేశాను."

ప్రిస్కిల్లా చటుక్కున లేచింది. తొమ్మిది రోజులు బతికించింది ఆ ఫ్యాను. పదో రోజు అది ఆగిపోయింది.

ఒక్కో మెట్టుకీ నడుం కలుక్కుమంటున్నా రెండేసి మెట్లు ఎక్కింది. మేడ మీద వసారాలో ఉతికిన దుప్పట్లు పెట్టుకునే అలమార ఉంది, హాట్ ప్రెస్ అంటారిక్కడ. ఫ్యాను యంత్రం దాని పై అరలో ఉంది. తలుపు తీస్తే ఎక్కడా చప్పుడు లేదు. జేబులోంచి పేపర్ రుమాలు తీసి గొట్టం మూతి దగ్గర పట్టుకుంది. రుమాలు కదల్లేదు. ఇప్పుడు కూడా ఆగే ఉంది! పక్కనున్న చిన్న తెర నొక్కితే అక్షరాలు వెలిగాయి. రోజూ ఉదయం తొమ్మిది నించి సాయంత్రం ఐదు దాకా ఆపు. ఆదేశం వచ్చింది బయటి నించి, ఇంటర్నెట్ ద్వారా. మార్చిన సమయం ఆదివారం సాయంత్రం ఆరూ నలభై రెండు. దాని కింద మార్చిన మనిషి పేరుంది. వి. రమణ.

ఆమె ఆ పేరు రెండుసార్లు చదివింది.

"ఏం దొరికింది మేడమ్?" మళ్లీ లోపలికొచ్చిన రాజ్‌కిరణ్ గొంతు, కింద మెట్ల మొదట్లోంచి.

"తువ్వాళ్లు," అని అలమార తలుపు వేసేసింది.

వీధి మొదట్లో, ఇళ్ల హద్దు దాటాక, వెంకట రమణ తన పాత కారులో కూర్చుని ఉన్నాడు. గడప తొక్కొద్దన్నారు గానీ ఇంట్లో ఉండబుద్ధి కాక పొద్దున్నించీ అక్కడే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు, నల్లగొండ. ప్రిస్కిల్లా ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. టైము పదకొండూ పది.

"ఏమన్న దొరికిందా అక్కా?"

"ఆదివారం సాయంత్రం ఆరూ నలభై రెండుకి ఎక్కడున్నావు?"

అతను ఆమె మొహం చూశాడు. తర్వాత స్టీరింగు చూశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. "అక్కా, అది... ఫ్యానుకు, విషానికి సంబంధం లేదక్కా."

"నాకు అబద్ధం చెప్పావు."

"అబద్ధం జెప్పలె. నా ఫ్యాను మనిషిని జంపదన్న. ఆగిన ఫ్యాను ఎట్ల జంపుతది? ఇంట్ల మండేదే లేదు గదా! గాలి జర తగ్గుతది, అంతే. కిటికీ తెరుసుకుంటరు. నేనట్లనే అనుకున్న."

"ఎందుకు ఆపావు?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆగలేదు. "సోమవారం నుంచి పదిహేను రోజులు కొలతలక్కా. వీధి మొత్తం వాడే కరెంటు ఒక గీత కింద ఉండాలె. ఉంటేనే ఆ నాలుగు వేల ఇండ్లు. పోయిన నెల చూస్తే రోజుకు పదకొండు యూనిట్లు ఎక్కువొస్తున్నయ్. బాసు ఎట్ల తగ్గించాల్నో చెప్పలె, తగ్గాలె అన్నడు, నువ్వే చూసుకో అన్నడు. నలభై ఒక్క ఫ్యాన్లు పగలు ఎనిమిది గంటలు ఆపితే పదమూడు యూనిట్లు మిగులుతయ్. లెక్క సక్కగ సరిపోయింది. పైసల కోసం జెయ్యలేదక్కా, ఒట్టు. ఈ పని మీద నాకు పాణం. ఈ పదకొండు యూనిట్ల కాడ ఆగిపోతే మళ్ల పదేండ్లు ఎవ్వడు ముట్టడు. పదిహేను రోజులే గదా, తర్వాత మళ్ల యథావిధిగ పెట్టేస్తనుకున్న. పగటిపూట అందరు డ్యూటీలకు పోతరు, ఇండ్లు ఖాళీగుంటయ్ గదా అని..."

"మీ అమ్మ వచ్చినప్పుడు ఎన్నాళ్లుంది?"

"ఆర్నెల్లు."

"పగటిపూట ఎక్కడుండేది?"

వెంకట రమణ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ప్రిస్కిల్లాకి అతన్ని లాగి ఒకటి కొట్టాలనిపించింది, తల నిమరాలనీ అనిపించింది. చెడ్డవాడైతే ఎంత బాగుండేది! మంచి పనికి దొంగ లెక్క రాసిన మంచివాణ్ణి ఏం చెయ్యాలి?

ఒక్కసారిగా ఆమె నిటారుగా కూర్చుంది. "ఇప్పుడు కూడా ఆగి ఉన్నాయిగా! అన్ని ఇళ్లలోనూ!"

"మంగళవారం నా లాగిన్ బందు జేసిన్రక్కా. నేను తెరువలేను. ఇంకెవ్వరికీ ఎరుక గూడ లేదు."

"మూడు రోజులు తెలిసీ నోరు మూసుకున్నావా?"

"మండేదే లేదనుకున్న గదక్కా..."

"ఫెబి మంచం కింద కుంపటి పెట్టారు. నిప్పుల కుంపటి. పద!"

అతను పిచ్చివాడిలా చూస్తుండగానే ఆమె కారు దిగి పద్నాలుగో నంబరుకి పరుగెత్తింది. సరోజమ్మ పాపని భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉంది.

"అమ్మా, ఈ వీధిలో ఇంకా పురిటి ఇల్లేదైనా ఉందా?"

"ఉందిగా. ఇరవై తొమ్మిదిలో మంగాదేవి గారు. గుంటూరావిడ. కూతురు సాహితికి ఇవాళ పదకొండో రోజు, పురిటి స్నానం." చెప్తూ చెప్తూ ఆమె గొంతు సన్నబడింది. "ఆదివారం వచ్చింది తల్లీ. కుంపటి ఎలా పెడుతున్నారొదినా, మా పిల్ల చలికి వణికిపోతోంది అంది. పురిటి స్నానం అయిన రోజు మొదలుపెడతానంది. నా సంచిలో సగం బొగ్గులు ఇచ్చి పంపించాను."

"సోమవారం ఇంత జరిగాక ఆవిడకి వద్దని చెప్పలేదా!"

"ఎలా చెప్పను? చెప్తే నా కుంపటి సంగతి బయటపడదూ? అదీగాక ఆ కోటాయన పక్కింటి బాయిలర్ వల్లే అని ఫోన్లలో పెట్టాడుగా. మంగాదేవి గారు అది చదివి, పోనీలెండి, మన కుంపట్ల వల్ల కాదు, అని నాకే ధైర్యం చెప్పింది. నేనూ... నేనూ అదే నిజమైతే బాగుండునని..." సరోజమ్మ పాపని గుండెకి హత్తుకుని గోడకి చేరబడిపోయింది.

పదకొండూ ఇరవై ఆరు. ప్రిస్కిల్లా పరిగెత్తింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. నడుం నొప్పి సంగతే గుర్తు లేదు. ఒక నోరు భయంతో మూసుకుంది, ఒక నోరు ఆశతో మూసుకుంది, ఇంకో నోరు తొందరపడి తప్పు మాట చెప్పింది. ముగ్గురూ కలిసి ఆ ఇంటికి తాళం వేసినట్టే అయింది.

ఇరవై తొమ్మిదో నంబరు గంట నొక్కింది. మళ్లీ నొక్కింది. పిడికిలితో బాదింది. "మంగాదేవి గారూ! తలుపు తియ్యండి! కిటికీలు తెరవండి!" సమాధానం లేదు. మోకాళ్ల మీద కూలబడి, తలుపుకి ఉత్తరాలు వేసే రేకు ఎత్తింది. లోపల్నించి వెచ్చటి సాంబ్రాణి వాసన మొహానికి కొట్టింది. ఎక్కడో మేడ మీద పసిబిడ్డ ఏడుపు, సన్నగా. ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడ్చే బిడ్డకి ఊపిరి ఉన్నట్టే.

"పొద్దున వచ్చిన పార్సిల్ కూడా గుమ్మంలోనే పడుంది, ఇంట్లో లేరేమో," అంటూ రాజ్‌కిరణ్ వెనకాల వచ్చాడు. అతని వెనకాల పరుగెత్తుకొస్తున్న వెంకట రమణని చూసి అడ్డంగా చేతులు చాపాడు. "ఏయ్! నువ్వు ఇక్కడికి రాకూడదు. ఆ తలుపు ముట్టుకున్నావంటే గార్డులకి ఫోన్ చేస్తాను!"

"చెయ్యన్నా," అన్నాడు వెంకట రమణ రొప్పుతూ. "జల్ది చెయ్. అంబులెన్సుకు గూడ చెయ్. నలభై ఒక్క ఇండ్లల్ల గాలి ఆపింది నేనే అని చెప్పు. నా పేరు రాయించు. ముందు ఆ ఫోను కొట్టు!"

రాజ్‌కిరణ్ చేతులు దించేశాడు. ఫోను జేబులోంచి తీశాడు గానీ నంబరు తప్పు నొక్కాడు, మళ్లీ నొక్కాడు.

ముందుగది కిటికీకి మూడు అద్దాలు. వెంకట రమణే దగ్గరుండి చూసి, ఒక్క సందు లేదని సంతకం పెట్టిన కిటికీ. గడప పక్కన పూలకుండీ ఎత్తి మొదటి దెబ్బ వేశాడు. ఒక అద్దం పగిలింది. రెండో దెబ్బకి రెండోది పగిలింది, అతని మోచేతి నించి రక్తం కారుతోంది.

"కొట్టు, ఇంకొక్కటి!" అని అరుస్తూ ప్రిస్కిల్లా మళ్లీ ఆ రేకు ఎత్తి చెవి ఆనించింది.

లోపల ఏడుపు ఆగిపోయింది.